అమర్దాద్, 1339 ఫసలీ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: నేను తప్పు చదివితే దాని ఫలితం ఇంకొకరి మీద పడడం.

ఈ భయం ఊరికే పట్టుకోలేదు. మా పాప శకుంతలకు మూడో నెలలో కడుపునొప్పి వస్తే కాంపౌండరు సీసాలో మందు పోసి ఇచ్చాడు. ఆ సీసా పక్కన కాగితం పట్టీ అంటించి, దాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి ఉంచుతారు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. పిల్లకు అర మెట్టు పోయాలని చీటీ మీద రాసి ఉంది. ఆ 'అర' నా కంటికి ఆనలేదు. మెట్టుకు మెట్టు పోశాను. పిల్ల ఒక పగలంతా కళ్లు తెరవలేదు, పాలు తాగలేదు. మర్నాడు ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నేను ముద్ద తిన్నాను.

ఆ రోజు నుంచి మందు సీసా మా అత్త లస్మవ్వ చేతిలోకి పోయింది. ఆమెకు అక్షరం రాదు. అయినా ఎవరినో ఒకరిని అడిగి, రెండుసార్లు చెప్పించుకుని పోస్తుంది. "ఏడు తరగతులు సదివిన కోడలు అని పదిమందికి చెప్పుకున్న. సీసా మీది మెట్టు తెల్వకపాయె," అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది.

నేను హుజూరాబాద్‌లో ఏడు దాకా చదివాను, అదీ ఉర్దూలో. ఎనిమిదిలో ఉండగా రజాకార్ల గడబిడకు బడి మూసేశారు. మళ్లీ తెరిచాక మా బాపు నన్ను కరీంనగర్ ఆడపిల్లల బడిలో వేద్దామని టీసీ కాగితం తీసుకున్నాడు. అంతలో పెళ్లి కుదిరింది. ఆ టీసీ ఏ బడిలోనూ ఇవ్వలేదు. నా పెట్టెలో చీరల అడుగున అలాగే ఉంది. ఈ కథకు ఆ కాగితం అవసరం కనుక ముందే చెబుతున్నాను.

మా ఆయన ఎల్లేశం కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేస్తాడు. అక్కడ క్వార్టరు దొరికేదాకా నేనూ, అత్తా, పిల్లా కరీంనగర్‌లో లక్ష్మీరాజం సారు ఇంటి వెనక గదిలో ఉన్నాం. సారు హైస్కూల్లో పంతులు. ఈ దిక్కు నేతపని మీద యూనివర్సిటీ డిగ్రీ కోసం ఐదేళ్లుగా ఒక పెద్ద గ్రంథం రాశాడు. పోయిన జనవరిలో, అంటే 1958లో, యూనివర్సిటీ వాళ్లు దాన్ని తిప్పి పంపారు. లోపల రాసిన దానికి ఏమీ అనలేదు. చివర ఇచ్చిన పుస్తకాల పట్టిక ఒక పద్ధతిలో లేదని, ఏ పుస్తకం ఎవరు రాశారో, ఎక్కడ, ఎప్పుడు అచ్చయిందో ఒకే తీరుగా ఉండాలని రాశారు. నమూనా కాగితం ఒకటి జత చేశారు. ఫిబ్రవరి ఆఖరుకు తిరిగి రాకపోతే గడువు తీరిపోతుంది, ఐదేళ్ల పని పోతుంది.

ఆ ఉత్తరం వచ్చేసరికి సారు మోతిబిందు, అంటే శుక్లం, ఆపరేషన్ చేయించుకుని కంటికి గుడ్డ కట్టుకుని మంచం మీద ఉన్నాడు. రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. నలభై రోజులు అక్షరం చూడవద్దని డాక్టరు చెప్పాడు.

సారు భార్య నాగవ్వక్క మా గది వాకిట్లోకి వచ్చి అడిగింది. "అనసూర్యా, సారు రమ్మంటుండు. నీకు ఉర్దూ, తెలుగు రెండు వస్తయి గదా, జర పని ఉన్నదట."

మా అత్త చాటలో బియ్యం ఏరుతూనే అంది. "మందు సీసా సదువరాదు గని పెద్ద పుస్తకాలు సదువుతదా?"

"పుస్తకం తప్పు సదివితె ఎవలు సావరు గని తోలియ్యి వదినె," అంది నాగవ్వక్క.

ఆ మాటకు మా అత్త కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సారు దగ్గర రెండు ట్రంకు పెట్టెల నిండా పుస్తకాలు ఉన్నాయి. అన్నీ కలిపి అరవై ఒకటి. పని ఇలా సాగేది. నేను ఒక పుస్తకం తీసి అట్టా, లోపలి పేజీ, చివరి పేజీ చదివేదాన్ని. సారు కళ్లు మూసుకుని విని ఎలా రాయాలో చెప్పేవాడు. ఒక్కో పుస్తకానికి ఒక్కో చీటీ. మిల్లులో అంచులు కోసినప్పుడు పడే కాగితం పట్టీలు మా ఆయన నెలకోసారి వచ్చినప్పుడు కట్టగా తెచ్చేవాడు. ఆ పట్టీలనే చీటీలుగా కోసుకున్నాం.

"ముందు ఇంటిపేరు. కామా. పేరు. చుక్క. తర్వాత పుస్తకం పేరు, దాని కింద గీత కొట్టు. చుక్క. తర్వాత అచ్చయిన ఊరు, రెండు చుక్కలు, ప్రెస్సు పేరు, కామా, సంవత్సరం, చుక్క."

"కామా మర్చిపోతె ఏమైతది సారు?"

"పుస్తకానికి ఏం కాదు. వాళ్లకు కోపమొస్తది."

ఇంగ్లీషు పేర్లను వెనకది ముందుకు తిప్పి రాయాలట. "మనోళ్లయి తిప్పే పని లేదు. మన ఇంటిపేరు పుట్టుకతోనె ముందు నడుస్తది," అన్నాడు సారు.

ఉర్దూ పుస్తకాలు రాసినవాళ్లలో చాలామందికి ఇంటిపేరే లేదు. "ఇంటిపేరు లేనోళ్లను ఏడ కూసోబెడ్తరు?" అని నాగవ్వక్క అడిగింది. ఆమె పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తుండేది.

"సొంత పేరుతోనె కూసుంటరు."

"గట్లయితె వాళ్లే నయం. ఎవలి నీడ లేదు."

రాసిన చీటీలన్నీ చాటలో పరిచి అ, ఆ, ఇ, ఈ వరుసలో పేర్చేదాన్ని. ఒకసారి శకుంతల పాకుతూ వచ్చి చాటలో చెయ్యి పెట్టింది. నేను చూసేసరికి నోట్లో కాగితం ఉంది. వేలు పెట్టి తీస్తే 'సికిందరాబాదు:' అన్న ముక్క ఒక్కటే వచ్చింది. మిగతాది మింగేసింది.

"సిరా విషమా సారు?"

"మా బడి పిల్లలు రోజు నాకుతరు. ఫికర్ చెయ్యకు. ఏ పుస్తకం తిన్నదో చూసి మళ్ల రాయి."

మిగిలిన అరవై చీటీలను పుస్తకాలతో పోల్చి చూసి తినేసినదాన్ని కనుక్కున్నాను. పశువుల సంత మీద రాసిన పుస్తకం అది. పిల్లకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజంతా దాని కడుపు తడుముతూనే ఉన్నాను.

మన దిక్కు అచ్చయిన పాత పుస్తకాల మీద ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. నైజాం సర్కారు లెక్క ఫసలీ. 1339 ఫసలీ, 1345 ఫసలీ అని ఉంటుంది. యూనివర్సిటీ వాళ్లకు ఇంగ్లీషు సంవత్సరం కావాలి.

"590 కలుపు. మన కచేరీలల్ల అందరు గంతే కలిపెటోళ్లు," అన్నాడు సారు.

అరవై ఒక్క పుస్తకాల్లో పంతొమ్మిదింటి మీద ఫసలీ ఉంది. పంతొమ్మిదింటికీ 590 కలిపాను. ఒక్కో లెక్క మూడేసిసార్లు వేశాను. కూడికలో ఒక్క తప్పు లేదు.

ఆ పంతొమ్మిదిలో ఒకటి అడెపు కైలాసం రాసిన 'పన్నె లెక్కలు'. పన్నె అంటే మగ్గంలో పోగులను వరుసగా పట్టి ఉంచే దువ్వెన లాంటిది. ఎన్ని పోగులకు ఎంత పన్నె కావాలో, గంజి ఎంత పట్టించాలో, ఏ రంగు ఎన్నిసార్లు ముంచాలో అందులో ఉంది. ముప్పై రెండు పేజీలే. కైలాసం చెన్నూరు సాలె, తన చేతితో మగ్గం నేసినవాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. పుస్తకం సారుకు ఇచ్చింది ఆయన భార్య శంకరవ్వ.

ఇంకొక పుస్తకం ఇల్లెందుల వామనరావు రాసిన 'నైజాము నేతపని వివరణము'. లావుపాటి పుస్తకం, బెజవాడలో అచ్చయింది. బెజవాడ తెల్లదొరల రాజ్యంలోది కనుక దాని మీద ఇంగ్లీషు సంవత్సరమే ఉంది, 1930. అందులో రెండు అధ్యాయాల్లో కైలాసం లెక్కలే ఉన్నాయి. అవే లెక్కల పట్టీలు, అవే అంకెలు. కైలాసం పేరు మాత్రం ఎక్కడా లేదు.

సారు గ్రంథంలో నాలుగో అధ్యాయమంతా దీని మీదే. కైలాసం పుస్తకం 1339 ఫసలీ, అంటే 1929. వామనరావుది 1930. కనుక చదువుకున్నాయన నేతగాని లెక్కలు తీసుకుని పేరు చెప్పలేదని సారు తేల్చాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో శంకరవ్వ వచ్చింది. హుజూరాబాద్‌లో చెల్లెలు ఉంది, అక్కడికి పోతూ సారును చూసిపోదామని దిగింది. ఆమెకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. మూటలో మక్క పేలాలు తెచ్చింది. సారు మంచం దగ్గర కూర్చుని కంటి సంగతి అడిగి, తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వేనా బిడ్డ రాసేదానివి? మా ఆయన పేరు ఏడున్నదో సూపియ్యి."

చాటలోంచి చీటీ తీసి చూపించాను. అది అన్నిటికంటే పైన ఉంది. అడెపు అన్న ఇంటిపేరు 'అ'తో మొదలవుతుంది కనుక పట్టికలో మొదటి పుస్తకం ఆయనదే.

"గిదేనా?"

"గిదే అవ్వా."

"అన్నిటికంటె ముందుగల్ల పెట్టిన్రా?"

"అ అక్షరం గద అవ్వా, అందుకని..."

ఆమె నా మాట పూర్తిగా వినలేదు. చీటీ మీద వేలు పెట్టి ఉంచింది. వేలి చివర నీలిరంగు ఇంకిపోయి ఉంది. "మా కులపోళ్లు నవ్వెటోళ్లు. కూలి ఇడిసిపెట్టి పుస్తకం అచ్చేయించిండు పిచ్చోడు అనెటోళ్లు. ఇప్పుడు చెప్త. అరవై పుస్తకాలల్ల మొదటిది మా ఆయన్దే అని చెప్త."

సారు మంచం మీంచి అన్నాడు. "చెప్పవ్వా. ఆయన్నే మొదటోడు. రాతపూర్వకంగ చెప్తున్న."

ఆమె పేలాలు నా కొంగులో పోసి బస్సుకు పోయింది. మొదట ఉండటం అక్షరాల వరుసవల్లనే అని నేను ఇంకోసారి చెప్పి ఉండవలసింది. కానీ ఏడాది లెక్క ప్రకారం కూడా ఆయనే ముందు కదా అనుకుని ఊరుకున్నాను.

మరో వారానికి కాగజ్‌నగర్ నుంచి మా ఆయన ఉత్తరం వచ్చింది. క్వార్టరు దరఖాస్తులో ఇంటివాళ్ల పుట్టిన తేదీలు రాయాలట, నీది పంపు అని. పెట్టె అడుగు నుంచి టీసీ తీశాను. దాని మీద హెడ్‌మాస్టరు రెండు తీర్లా రాసి ఉన్నాడు: 14 ఆబాన్ 1343 ఫసలీ, అంటే 19 సెప్టెంబర్ 1934.

చేతికి అలవాటైపోయి 1343కు 590 కలిపాను. 1933 వచ్చింది.

మళ్లీ కలిపాను. 1933. టీసీలో 1934. మొదట హెడ్‌మాస్టరే తప్పు రాశాడనుకున్నాను. కానీ నేను పుట్టింది 1934 పెత్రమాస అమావాస్యకు ముందు అని మా అవ్వకు బాగా గుర్తు. అప్పుడు చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన నెలల పేర్లు నోటికి తెచ్చుకున్నాను. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఫసలీ సంవత్సరం ఆజూర్‌తో మొదలవుతుంది, అది అక్టోబరులో వస్తుంది. ఆబాన్ ఆఖరు నెల, మరుసటి సెప్టెంబరు. మధ్యలో జనవరి దాటగానే ఇంగ్లీషు సంవత్సరం మారుతుంది, ఫసలీ మారదు. అంటే మొదటి రెండు మూడు నెలలకే 590. ఆ తర్వాత నెలలన్నిటికీ 591.

నేను పంతొమ్మిది పుస్తకాలకూ నెల చూడకుండా కలిపాను.

వంట అలాగే వదిలేసి ఆ పంతొమ్మిది పుస్తకాలు మళ్లీ తీశాను. సారు నిద్రపోతున్నాడు. ఏడింటి మీద నెల లేదు. పన్నెండింటి మీద ఉంది. అందులో రెండు ఆజూర్‌వి, సరిపోయాయి. మిగతా పదింటికి ఒక్కో ఏడాది పెరగాలి. ఒక్కో చీటీ సరిచేస్తూ పోయాను. పదోది 'పన్నె లెక్కలు'. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: అమర్దాద్ 1339 ఫసలీ.

అమర్దాద్ అంటే జూన్. 1930 జూన్.

వామనరావు పుస్తకం తీశాను. ముందుమాట కింద బెజవాడ, ఫిబ్రవరి 1930 అని ఉంది, అట్ట వెనక అచ్చయిన నెల కూడా అదే.

కైలాసం పుస్తకం ముందు కాదు. నాలుగు నెలలు వెనక.

చీటీలన్నీ చాటలో పెట్టి, చాట మీద గుడ్డ కప్పి, మా గదిలోకి పోయి పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. ఇది చెబితే నాలుగో అధ్యాయం పోతుంది. గడువు పదమూడు రోజులే ఉంది. సారు ఈ నెల అక్షరం చూడలేడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అందరూ 590 కలిపేవాళ్లే. యూనివర్సిటీలో అమర్దాద్ గుర్తున్నవాడు ఎవడో ఒకడు ఉంటే మాత్రం పోయేది సారు పరువు, నాది కాదు. నా భయం అదే కదా.

రెండు రోజులు సారు పిలిస్తే పిల్లకు ఒళ్లు వెచ్చగా ఉందని చెప్పించాను. రెండో రోజు సాయంత్రం అత్త పిల్ల నుదురు ముట్టి చూసింది.

"పిల్ల సల్లగనే ఉన్నది. నీకే ఏందో ఉన్నది. ఏమైందె?"

చెప్పాను. ఫసలీ, నెలలు, అమర్దాద్ అన్నీ చెప్పాను. ఆమెకు సగం అర్థం కాలేదనుకున్నాను. ఆమె వత్తులు చేసుకుంటూ విన్నది.

"అంటె సారు చెప్పిన లెక్క తప్పు."

"తప్పు అత్తా."

"నువ్వు కనుక్కున్నవు."

"కనుక్కున్న."

"మందు సీసప్పుడు నీకు తప్పు ఎప్పుడు తెలిసింది?"

"పిల్ల కండ్లు తెరవనప్పుడు."

"పోసినంక తెలిసింది. గిదైతె ఇంకా పోయలే గద," అంది. తర్వాత వత్తులు పక్కన పెట్టింది. "పో. పిల్లను నేను పట్టుకుంట."

రెండు పుస్తకాలూ పట్టుకుపోయి సారుకు చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. "ఆ పేజీ మళ్ల సదువు," అన్నాడు. చదివాను. "తీర్ కాదు గద?"

"తీర్ అయినా మే నెలే సారు. గదీ వెనకనే."

"నిజమే. ముప్పై ఏండ్ల సంది కలుపుతున్న 590. బడి రిజిస్టర్లల్ల ఎంతమంది పిల్లలను ఏడాది ముందుగల్ల పుట్టిచ్చిన్నో."

నాగవ్వక్క చేతిలో చింతపండు అలాగే ఉంది. "ఏడ్వకున్రి. ఆపరేషన్ కండ్లు," అంది.

"ఏడుస్తలేను. లెక్క వేస్తున్న. నాలుగో అధ్యాయం ఎన్ని పేజీలు అనసూర్యా?"

"పన్నెండు సారు."

"పన్నెండు మళ్ల రాయాలె. నీకు వీలైతదా?"

"సారు, చెప్పకుంటె ఎవలకు తెల్వదనుకున్న. రెండు రోజులు దాచిన."

"రెండు రోజులే గద. నేను ఐదేండ్లు దాసుకున్న, తెల్వక. కలం తీస్కో."

తొమ్మిది రోజుల్లో రాశాం. పొద్దున వంట కాగానే కూర్చునేదాన్ని. పిల్ల ఏడిస్తే అత్త తెచ్చి ఒళ్లో వేసేది, ఒక చేత్తో పాలిస్తూ రాసేదాన్ని. ఏడాది మారిన ప్రతి పుస్తకం పక్కన ఫసలీ నెల కూడా పెట్టమన్నాడు సారు, చూసేవాడు తానే లెక్క వేసుకోవచ్చునని. నెల లేని ఏడింటికి రెండు సంవత్సరాలూ రాయించాడు. నాలుగో అధ్యాయంలో, ఇద్దరి లెక్కలూ ఒకటేననీ, కైలాసం పుస్తకం నాలుగు నెలలు వెనక అచ్చయిందనీ, ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో అచ్చు తేదీలు చెప్పలేవనీ రాయించాడు.

వామనరావు పుస్తకంలో తేదీ మరోసారి సరిచూసుకుంటూ ముందుమాట పూర్తిగా చదివాను. ఒక వాక్యం దగ్గర ఆగాను. 'చెన్నూరు గ్రామమున కొందరు నేతగాండ్రు చెప్పగా ఈ పట్టీలు వ్రాసికొంటిని.' సారుకు చదివి వినిపించాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఐదేండ్లు ఈ పుస్తకం నా పెట్టెల ఉన్నది. ముందుమాట సదువలే నేను."

"అయితె కైలాసం ముందున్నట్టే గద సారు?"

"చెన్నూరు నేతగాళ్లు చెప్పిన్రు అని తెలుస్తది. కైలాసమే చెప్పిండని తెల్వది. ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ వాక్యం పేజీ నంబరుతో సహా ఎక్కించు. మనం మాత్రం తేల్చకు."

ఇరవై ఆరో తారీఖు రిజిస్టరు పోస్టులో పంపాం. మార్చి చివర్లో అందినట్టు, పట్టిక సరిగా ఉన్నట్టు, గ్రంథాన్ని తర్వాతి పరీక్షకు తీసుకున్నట్టు కార్డు వచ్చింది. సారు కట్టు విప్పాక మొదట చదివింది ఆ కార్డునే. తర్వాత నా పట్టిక నకలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇరవై మూడో పుస్తకం దగ్గర కామా లేదని చెప్పాడు. పోయిన నెలలో మా అత్త దగ్గుమందు సీసా తెచ్చి నా చేతికే ఇచ్చింది. "సదివి పొయ్యి," అంది. పక్కనే నిలబడి చూసింది గానీ, ఇచ్చింది.

ఇక శంకరవ్వ మిగిలింది. ఆమె ఊరికి పోయి, అరవై పుస్తకాల్లో మొదటిది మా ఆయనదే అని అందరికీ చెప్పే ఉంటుంది. చదువు వచ్చినవాడు ఎవరైనా అది అక్షరాల వరుస అని ఆమె మొహం మీదే నవ్వితే, ఆ నవ్వుకు కారణం నేను. మార్చిలోనే ఆమెకు ఉత్తరం రాశాను. మొదట ఉండటం ఎందువల్లనో, తేదీ ఎలా మారిందో, వామనరావు ముందుమాటలో చెన్నూరు నేతగాళ్ల మాట ఎలా ఉందో, అన్నీ చిన్న చిన్న వాక్యాల్లో రాశాను. ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి వినిపించాలి. ఆ చదివేవాళ్లు ఏ 'అర' మింగేస్తారోనని నా దిగులు.

జవాబు రాలేదు. చెన్నూరు పోయి చూసి రమ్మంటే మా ఆయనకు సెలవు దొరకలేదు. చెన్నూరు నుంచి మిల్లుకు వచ్చే పనివాడిని అడిగితే, ఆ ఇంటికి తాళం ఉన్నదని చెప్పాడట. హుజూరాబాద్‌లో చెల్లెలి ఇల్లు ఏ వాడలోనో నేను అడగలేదు. చెన్నూరు గోదావరి అవతల, ఇప్పుడు నది నిండుగా ఉంది, చంటిపిల్లతో పడవ ఎక్కడానికి మావాళ్లు ఒప్పుకోరు. వచ్చే నెల క్వార్టరు దొరికి మేం కాగజ్‌నగర్ పోతాం.

ఇది చదివినవాళ్లలో చెన్నూరు వైపు పోయేవారు ఉంటే సాలెవాడలో అడెపు కైలాసం ఇల్లు అడగండి. శంకరవ్వ ఉన్నదా, ఒంట్లో బాగున్నదా చూడండి. తాళమే ఉంటే పక్కింటివాళ్లను అడగండి. ఉంటే నా ఉత్తరం అందిందా అని అడిగి, అందితే దాన్ని తీయించి, మొదటి నుంచి చివరి దాకా, మెల్లగా, ఒక్క మాట వదలకుండా ఆమెకు చదివి వినిపించండి.